కొత్తోళ్ల రొట్టె

ఆకలి గీత ఎర్రబడింది. ఇంకొంచెం సేపట్లో చందన చచ్చిపోతుంది.

ప్రొద్దుటూరు బట్టల షాపు పై అంతస్తులో, ఇంకా విప్పని చీరల మూటల మధ్య కూర్చుని, ఆమె ఒక చేత్తో చిత్రాన్నం డబ్బా పట్టుకుని ఇంకో చేత్తో ఫోను తెర గీకుతోంది. డబ్బా నిండా అన్నం ఉంది. తెర మీది చందనకు మాత్రం మెతుకు లేదు.

తెర మీద ఆమె పేరు జొన్నకంకి. చిరిగిన చొక్కా, చేతిలో కర్ర. వజ్రకోట అనే ఆ ఆటలో నిన్న సాయంత్రమే చేరింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆట ఒక సంచి ఇస్తుంది. అందులో ఆకలి తీరడానికి రొట్టెలు, దెబ్బ తగిలితే తాగడానికి ఎర్ర పోషన్లు ఉంటాయి. కోట వాకిట్లోనే ఒక గుర్రం మనిషి ఎదురొచ్చి, "సంచి కింద పెట్టు తమ్మీ, ముద్ర ఏసి ఇస్తాం" అన్నాడు. ఆమె పెట్టింది. అతను ఎత్తుకుపోయాడు.

"నీ బావ ఆడ పెద్ద రాజు అంటివే" అంది పక్కన కూర్చుని గుడ్డు వొలుచుకుంటున్న స్వాతి. ఇద్దరిదీ ఒకే కౌంటరు, ఒకే అద్దె గది. "ఒక్క మాట చెప్తే బండెడు రొట్టెలు పంపడా?"

"అప్పుడే చెప్పను. నా తిండి నేను సంపాదించుకుని, మంచి బట్టలేసుకుని, ఎదురుగా పోయి నిలబడి 'బావా' అంటా. అదిరిపోవల్ల."

"ఆదివారం తాంబూలాలు పెట్టుకుని ఇదేం సరసమే తల్లీ!"

బావ పేరు రాజశేఖర్. చందన మేనమామ కొడుకు, పులివెందులలో ఉంటాడు. ఆటలో అతని పేరు కొండరాజు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా ఆ ఆట సంగతే. ఆదివారం జమ్మలమడుగులో తాంబూలాలు మార్చుకునే లోపల అతని లోకంలోకి ఒకసారి తొంగి చూడాలని ఆమె ముచ్చట.

తెర మీద జొన్నకంకి మోకాళ్ల మీద కూలబడింది. అప్పుడే ఎవరో వచ్చి ముందు నిలబడ్డారు. నేల మీద సగం రొట్టె పడింది.

"తిను తిను, బిరీన తిను" అంది ఇయర్‌ఫోన్లో ఒక మగ గొంతు. వెనకాల కుట్టుమిషను చప్పుడు.

చందన గబగబా రొట్టె మీద నొక్కింది. గీత నారింజ రంగుకు ఎక్కింది.

"శానా థ్యాంక్స్ అన్నా."

"అన్న కాదు, అక్కను. నా పేరు మాబున్ని. కమలాపురంలో జాకెట్లు కుడతా. తౌబా, నువ్వు ఆడపిల్ల గొంతుతోనే తిరుగుతాండావా? పైన మూలలో నోరు బొమ్మ ఉండాది చూడు, దాన్ని నొక్కి మగ గొంతు పెట్టుకో. లేకుంటే ఈ నాయాళ్లు వెంటబడి సతాయిస్తారు."

చందన నొక్కింది. హలో అంటే ఇయర్‌ఫోన్లో తన మాటనే ఎవరో గొగ్గర గొంతు మగవాడు పలికాడు. ఒక ఇయర్‌ఫోను లాక్కుని విన్న స్వాతి పొలమారేదాకా నవ్వింది.

మాబున్ని చేరి వారమైంది. జాకెట్టుకూ జాకెట్టుకూ మధ్య ఆడుతుంది. తిండి ఎట్లా సంపాదించాలో ఆమే చెప్పింది. కొండ మీద గొర్రెలు ఉంటాయి. కొడితే మాంసం వస్తుంది. వాగు పక్కన ఎర్రాకు దొరుకుతుంది. మాంసం కాల్చాలంటే పొయ్యి, ఆకు కాచి పోషన్ చెయ్యాలంటే కాగు కావాలి. కొత్తవాళ్ల ఊరికంతా ఒకే పొయ్యి, ఒకే కాగు.

"ఇంకేం? కాచుకుందాం."

"యాడ కాచుకునేది? ఆ రెంటి చుట్టూ ఒక గిల్డు కూచోనుండాది. ముఠా అనుకో. వాళ్లు సరే అంటేనే పొయ్యి. కొండరాజు గిల్డు అంటారు."

చందన తెర మీంచి వేలు తీసేసింది.

"కొండరాజా? శానా మంచోడని విన్న్యానే."

"ఎవురు చెప్పినారు?"

చందన ఒక క్షణం ఆలోచించింది. "ఆయనే" అంది.

*

గురువారం చందనకు వారపు సెలవు. స్వాతి షాపుకు పోయాక, ఉతికిన బట్టలు మిద్దె మీద ఆరేసి వచ్చి, గదిలో గోడకు ఆనుకుని ఫోను తెరిచింది. మాబున్ని అప్పటికే కొండ కింద కాచుకుని ఉంది.

కొండ నిండా గొర్రెలు. ఒకటి తల వంచుకుని గడ్డి కొరుకుతోంది. మాబున్ని వెనకనుంచి తరుముతుంది, చందన కర్రతో కొట్టాలి. అంతే పని. గొర్రె తిరిగి సరిగ్గా చందన ముందుకే వచ్చింది. చందన కర్ర ఎత్తి, దించలేదు.

"కొట్టు! కొట్టమ్మా!"

"అక్కా, ఇది చూడిది."

"ఏంది?"

"కడుపుతో ఉండాది. పక్కలు చూడు ఎట్ల ఉబ్బినాయో. పొట్ట కిందికి జారింది, వెనక కాళ్లు ఎడంగా ఏస్తాంది. వారం పది దినాల్లో ఈనుతాది."

"అరె, బొమ్మమ్మా అది!"

"తెల్సు. చెయ్యి రావడంల్యా."

ఇంకో గొర్రె కోసం కొండంతా తిరిగారు. ఆ ఆటకు బొమ్మలు గీసినవాడు ఎప్పుడూ గొర్రెను పట్టి చూసినట్టు లేదు. పొట్టతో ఉన్న ఒకే ఒక్క గొర్రెను గీసి కొండ పొడుగునా పరిచాడు. అన్నీ చూడివే. జమ్మలమడుగు పక్క మంద వెనక నడిచి పెరిగిన పిల్ల తప్ప ఆ సంగతి ఎవరూ కనిపెట్టి ఉండరు. కనిపెట్టి ఆకలితో చచ్చేవాళ్లు అసలే ఉండరు.

"నువ్వు కొట్టక్కా, నేను పక్కకు పోతా" అంది చందన.

కుట్టుమిషను చప్పుడు ఆగింది. మాబున్ని నిట్టూర్చింది. "నువ్వు చెప్పినాక నేనెట్ల కొడతానమ్మా? నాకూ అట్లనే అవుపడతాంది ఇప్పుడు. నీ దుంపతెగ. పా, ఎర్రాకు కోసుకుందాం. పోషన్ తాగితే ఆకలికి కూడా కొంచెం తట్టుకుంటాది."

వాగు పక్కన ఒళ్లు వంచి, ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటూ ఇద్దరూ ఆకు కోశారు. మధ్యలో మాబున్ని ఫోను వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ పెట్టుకుని వచ్చేసరికి ఇద్దరి గీతలూ ఎర్రబడ్డాయి. మాబున్ని గీత అయితే వెంట్రుక మందం మిగిలింది. ఆమెకు ఊరి చివర ఒక చిన్న గుడిసె, దాని ముందు నాలుగు మందు మొక్కలు ఉన్నాయి. చచ్చిపోతే అవన్నీ పోయి మళ్లీ వట్టి చేతులతో మొదలు.

ఊరి నడుమ పొయ్యి మండుతోంది. కాగు పొగలు కక్కుతోంది. చుట్టూ ఇనప తొడుగుల మనుషులు. మధ్యలో బంగారు తొడుగు వేసుకుని ఒకడు కాగు అంచు మీదే కాలు పెట్టి నిలబడ్డాడు. పక్కన రొట్టెల గుట్ట. కొత్తవాళ్ల సంచులు కూడా అక్కడే పడి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, గుట్టగా.

"అన్నా, కాగు కొంచెం ఇస్తారా? ఆకు మా కాడ ఉండాది" అంది మాబున్ని. ఆమె సొంత గొంతే బయటికి వచ్చింది. ఫోను ఆగిపోయినప్పుడు మగ గొంతు పోయిన సంగతి ఆమె చూసుకోలేదు.

"ఓహో! ఈ కుక్క ఆడకుక్క గదరా!"

చందన ఇయర్‌ఫోను చెవికి నొక్కుకుంది. ఆ గొంతు ఆమెకు తెలుసు. మొన్న రాత్రి అదే గొంతు, పట్టుచీర ఏ రంగు తీసుకోవాలని ముద్దుగా అడిగింది.

"కాగు కావాలంటే మొరగాల" అన్నాడు రాజశేఖర్. "ఈడ రూలు అది. ఒరే, రికార్డింగు పెట్టినారా? ఆఁ, మొరుగు."

"ఏంది అన్నా, ఇంట్లో పెద్దదాన్ని—"

"మొరగకుంటే చావు. నాకేం?"

మాబున్ని ఆకలి గీత మిణుకుమంటోంది. ఇయర్‌ఫోన్లో ఆమె గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత మెల్లగా, సిగ్గుపడుతూ, భౌ అంది.

నవ్వులు. ఈలలు. "గట్టిగా! వీధి కుక్క లెక్క మొరగల్ల!" ఆమె గట్టిగా మొరిగింది. ఆమె వెనకాల ఎవరో చిన్నపిల్ల "అమ్మీ, ఏమైంది?" అని అడగడం కూడా వినిపించింది. దానికీ నవ్వారు.

బావా అన్న మాట చందన నాలుక చివరి దాకా వచ్చింది. అన్నదంటే అంతా ఆగిపోతుంది. అనాలనే నోరు తెరిచింది. కానీ ఆ మాట బయటికి రాలేదు. ఎంగిలాకు నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది.

"నువ్వేందిరా బక్కోడా, చూస్తాండావు?" బంగారు తొడుగు ఆమె వైపు తిరిగింది. "కొండ నిండా గొర్రెలు పెట్టుకుని అడుక్కుతినేకి వచ్చినావే? ఒకదాన్ని కొట్టుకోకూడదా?"

"అవి చూడివన్నా" అంది జొన్నకంకి గొగ్గర గొంతు. "చూడిదాన్ని కొట్టగూడదు."

గిల్డంతా పగలబడి నవ్వింది.

"అబ్బబ్బా! గొర్రెలకు డాక్టరు వచ్చినాడురా! సరే డాక్టరూ, నువ్వే గొర్రె లెక్క అరువు. రెండు రొట్టెలు పెడతా. ఒకటి నీకు, ఒకటి ఆ ఆడకుక్కకు."

చందన కళ్లు మూసుకుంది. గొర్రె ఎట్లా అరుస్తుందో ఆమెకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. తల్లి తప్పిన పిల్ల మందలో అరిచే అరుపు అరిచింది. గొంతులోంచి పుట్టి, మధ్యలో విరిగి, చివర సన్నగా సాగే అరుపు. అది వింటే ఎంత దూరంలో ఉన్నా తల్లి గొర్రె తల తిప్పుతుంది. ఆమె తండ్రి నేర్పింది అది.

వాళ్లు నవ్వలేక చచ్చారు.

"పెడతా అన్న్యా గదా, పెడతా." రాజశేఖర్ గుట్టలోంచి రెండు రొట్టెలు తీసి, చెయ్యి ఊపి, వెనక మడుగులోకి విసిరేశాడు. నీళ్లు తుళ్లాయి. మొసలి బొమ్మ ఒకటి నోరు తెరిచి మూసింది.

తెర మీద మాబున్ని బొమ్మ పక్కకు ఒరిగి, బూడిదై, మాయమైంది.

చందన ఫోను బోర్లా పెట్టి, బచ్చలింట్లోకి పోయి నోరు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

*

శుక్రవారం షాపులో పెళ్లి బేరం వచ్చింది. కౌంటరు మీద చీరలు కొండలా పడ్డాయి. వాళ్లు ఒక్కటీ తీసుకోకుండా పోయాక చందన మడతలు మొదలుపెట్టింది. కొంగు పైకి రావాలి, అంచు అంచుతో కలవాలి, అరచేత్తో గాలి నొక్కెయ్యాలి. చేతులు వాటంతట అవే పోతున్నాయి.

ప్యాంటు గుడ్డల దగ్గర సేల్స్‌మెన్ ఇద్దరు ఒక ఫోను మీద వంగి నవ్వలేక కిందామీదా పడుతున్నారు.

"ఇది చూడే" అంటూ స్వాతి ఫోను లాక్కొచ్చింది. "ఆకలి కుక్కలంట. నిన్ననే పెట్టినారంట, ఎవురి ఫోన్లో చూసినా ఇదే. అదిగో ఆ గొర్రెగాడు! అచ్చం గొర్రె లెక్కనే అరుస్తాడే, కడుపు చెక్కలైతాది. నీ బావ ఆటే గదే ఇది?"

చందన చేతుల కింద పట్టుచీర నలిగింది. ఆమె దాన్ని విప్పి, మళ్లీ మొదటినుంచి మడిచింది.

"ఆ గొర్రె నేనే" అంది.

స్వాతి నవ్వు సగంలో ఆగిపోయింది. అటు సేల్స్‌మెన్‌లో ఒకడు మేఁ అన్నాడు. ఇంకొకడు భౌ అన్నాడు. స్వాతి ఫోను చేతిలో పట్టుకుని వాళ్ల వైపు ఒకసారి, చందన వైపు ఒకసారి చూసి, ఫోను నడుములో దోపుకుంది.

మధ్యాహ్నం చందన మాబున్నికి ఫోను చేసింది. మిషను చప్పుడు లేదు.

"అంగడి మూసేసినానమ్మా" అంది మాబున్ని. "పొద్దున షట్టరు ఎత్తంగానే ఎదురు టీ అంగట్లోనుంచి ఎవురో మొరిగినాడు. నా గొంతు ఈ వీధిలో ఎవురికి తెలీదు చెప్పు? జాకెట్టు తీసుకోను వచ్చినామె కూడా నవ్వు పట్టుకోలేకపాయె. బిడ్డ బడికి పోనంటాంది."

"అక్కా, వాన్ని నేనెరుగుదు."

"ఎవురిని?"

"కొండరాజును. ఆదివారం నాకు తాంబూలాలు మార్చుకునేది ఆయనతోనే."

మాబున్ని, "తెలిసి గూడా నువ్వు గొర్రె లెక్క అరిస్తివా నా కోసరం?" అంది.



*

శనివారం పొద్దున జమ్మలమడుగు బస్సు ఎక్కాక ఆమె రాజశేఖర్‌కు ఫోను చేసింది.

"బావా, ఆ ఆకలి కుక్కల వీడియో తీసెయ్యి."

"చూసినావా! ఎట్లుండాది?"

"ఆమెది కమలాపురం. వీధిలో తలెత్తుకోలేకుండా ఉండాదంట. తీసెయ్యి."

"నీకెట్ల తెల్సు? ఎవురన్నా ఫ్రెండా?" అతను నవ్వాడు. "లే పిల్లా, నీకీ ఆట సంగతి తెలీదు. కొత్తోళ్లను ఏడిపిచ్చేది యాడైనా ఉండేదే. ఎవురో ఏందో, మొకం ఎరగం. దానికి నువ్వు యాలా బాధపడతావు? నీకేం కావాల్నో చెప్పు, ఆదివారం తెస్తా."

ఇంటికి చేరేసరికి తల్లి సుమతి వసారాలో ఎండుమిరపకాయలు తొడిమెలు తీస్తోంది. చందన పక్కన కూర్చుని తనూ తీస్తూ, జరిగింది చెప్పింది. రొట్టెలు, పోషన్లు, కాగు, మొరగడం. తను అరిచిన సంగతి మాత్రం చెప్పలేకపోయింది.

సుమతి అంతా విని చేతులు దులుపుకుంది.

"నాకు అర్థమైంది చెప్తా విను. ఫోన్లో బొమ్మ ఆకలైందంటే నీ బావ ఫోన్లో రొట్టె పెట్టల్య. అంతేనా?"

"అమ్మా—"

"అంతేనా కాదా? తాగుతాడా? కొడతాడా? నా అన్న కొడుకు. కళ్ల ముందర పెరిగినోడు. రేప్పొద్దున చుట్టాలొస్తాండారు. ఫోన్లో రొట్టె పెట్టలేదు గాబట్టి నాకీ పెండ్లి వొద్దని వాళ్లకు చెప్తావా? నలుగురూ ఎట్ల నవ్వుతారో తెల్సా?"

చందన మిరపకాయ తొడిమె తుంచింది. గోరు కింద మంట పుట్టింది. తల్లి అన్నది నిజమే. అది చెబితే నలుగురూ నవ్వుతారు.

*

ఆదివారం పొద్దున్నే చందన తండ్రి సంజీవయ్య మందలోంచి పొట్టేలును తెచ్చి కోయించాడు. వసారాలో నులకమంచాల మీద దుప్పట్లు పరిచారు. లోపల దేవుని పటాల ముందు ఇత్తడి తట్టలో తమలపాకులు, వక్కలు, టెంకాయ, పట్టుచీర సర్ది పెట్టారు. పులివెందుల కారు వచ్చింది. మేనమామ బాలకృష్ణ దిగి, బావ సంజీవయ్యను కౌగిలించుకున్నాడు. రాజశేఖర్ తెల్ల చొక్కాతో దిగి అందరి కాళ్లకూ దండం పెట్టాడు. అవ్వ పెద్దసుబ్బమ్మ అతని బుగ్గలు నిమిరింది. వాకిట్లో ఎవరో ముసలాయన దాహమంటే అతనే లేచి చెంబు అందించాడు. ఎంత మంచి పిల్లోడు, అన్నారు అందరూ.

చందన వంటింటి వాకిలి దగ్గర నిలబడి ఇదంతా చూసింది. నిన్నటి నుంచి వంద మాటలు కూర్చుకుంది. ఒక్కటీ పనికొచ్చేలా లేదు. ఇంకొంచెం సేపటికి తట్ట బయటికి వస్తుంది. తట్ట చేతులు మారిందంటే అయిపోయినట్టే.

"అల్లుడూ, ఫోన్లో ఏందో ఆట ఆడి పేరు తెచ్చుకున్న్యావంటనే?" అన్నాడు సంజీవయ్య మజ్జిగ గ్లాసు దించుతూ. "మాకూ చూపియ్యి."

"లచ్చల మంది చూసినారు మామా" అన్నాడు రాజశేఖర్ గర్వంగా. ఫోను తీసి మామ చేతికే ఇచ్చి, పక్కన కూర్చున్నాడు. మగవాళ్లంతా మంచం చుట్టూ మూగారు.

చందన కదల్లేదు.

వసారాలో మాబున్ని మొరిగింది. మగవాళ్లు గొల్లుమన్నారు. బాలకృష్ణ తొడ చరుచుకున్నాడు. సంజీవయ్య బొజ్జ ఊగిపోయేలా నవ్వాడు. అతను మంచి మనిషి. వాన పడితే తన దుప్పటి గొర్రెపిల్ల మీద కప్పే మనిషి. అతను కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఇప్పుడుండాది చూడు మామా అసలైంది" అన్నాడు రాజశేఖర్.

అవి చూడివన్నా, అంది ఫోన్లో గొగ్గర గొంతు. చూడిదాన్ని కొట్టగూడదు.

అందరూ నవ్వారు. సంజీవయ్య కూడా నవ్వబోయాడు. నోరు తెరుచుకుంది గానీ నవ్వు రాలేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఏమన్న్యాడు వాడు?"

"గొర్రెలకు కడుపంట మామా!"

అప్పుడు ఫోన్లోంచి ఆ అరుపు వచ్చింది. గొంతులోంచి పుట్టి, మధ్యలో విరిగి, చివర సన్నగా సాగింది. ఇంటి వెనక దొడ్లో కట్టేసిన గొర్రె ఒకటి తటాలున తిరిగి అరిచింది. దానికి మగవాళ్లు ఇంకా పగలబడి నవ్వారు.

సంజీవయ్య నవ్వలేదు. ఫోను మంచం మీద పెట్టాడు. లేచి మెల్లగా వంటింటి వాకిలి వైపు తిరిగి కూతురి మొహంలోకి చూశాడు. చూపు తిప్పుకోలేదు. చందనా తిప్పుకోలేదు.

"నువ్వేనా?" అన్నాడు.

ఆమె తలాడించింది.

నవ్వులు ఒకటొకటిగా ఆగాయి. ఏమైందో అర్థం కాక బాలకృష్ణ తన కొడుకు వైపు చూశాడు. రాజశేఖర్ మొహం ముందు తెల్లబోయింది, తర్వాత వెలిగింది.

"నువ్వా చందనా! ఆ బక్కోడివి నువ్వా!" అతను లేచి నిలబడ్డాడు. "చెప్పకూడదా! నువ్వని తెల్సింటే రొట్టెలేంది, పోషన్లేంది, కోటే రాసిస్తుంటి గదా! ఎవురో అనుకున్న్యా!"

అది సంజాయిషీ కాదు. అతను నిజంగానే సంబరంగా అన్నాడు.

"నా పక్కన ఉండేది ఎవురు బావా?" అంది చందన.

"పక్కన ఎవురు?"

"మొరిగినామె."

"ఆమెవురో నాకేం తెల్సు?"

"ఇప్పుడైనా అడగవా?"

అతను అడగలేదు. తండ్రి వైపు చూశాడు.

"నేను నవ్వినా బాలకృష్ణా" అన్నాడు సంజీవయ్య. "నా బిడ్డ ఆకలికి అరుస్తాంటే ఈడ కూచోని నవ్వేకి తయారైతి. ఆ ముందరామె మొరుగుతాంటే నవ్వనే నవ్వినా." చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఈ సంబంధం ఉండాల్నో వొద్దో నేను చెప్పను. నాకు ఆ మొకం లేదు. నువ్వు చెప్పు చందనా."

"నాకొద్దు నాయనా."

"బావా, ఫోన్లో ఆట కోసం—" అని లేచాడు బాలకృష్ణ. "తీసెయ్యి రా ముందు దాన్ని!" అని కొడుకును కసిరాడు.

రాజశేఖర్ ఫోను మీద రెండుసార్లు నొక్కి, "తీసేసినా, ఇంగేం" అన్నాడు. అది అప్పటికే ఎన్ని ఊళ్లలో ఎన్ని ఫోన్లలో తిరుగుతోందో అక్కడున్న అందరికీ తెలుసు.

సుమతి తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. "ఎవురూ ఏం అనుకోవద్దండి. పిల్ల ఏదో ఉక్రోషంలో ఉండాది. ముందు భోంచెయ్యండి. కడుపులో పడితే అందరూ చల్లబడతారు. తాంబూలం సంగతి తర్వాత." ఆమె గొంతు బతిమాలుతోంది. ఇత్తడి తట్ట పటాల ముందు అట్లనే ఉంది. దాన్ని ముట్టుకోవద్దని కళ్లతోనే భర్తకు చెప్పింది.

"వండింది వండినట్టు పెట్టుకుని ఎవురినీ పంపేది లేదు" అంది పెద్దసుబ్బమ్మ కూడా. "కూచోండి నాయనా."

చాపలు పరిచారు. విస్తళ్లు వేశారు. సుమతి సంగటి ముద్దలు పెడుతూ వచ్చింది. వెనకే చందన కూర గిన్నె ఎత్తుకుంది. తల్లి వద్దని సైగ చేసింది. ఆమె వినలేదు.

బాలకృష్ణ ముద్ద చేత్తో పట్టుకుని అట్లనే ఉండిపోయాడు. సంజీవయ్య విస్తరి ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కడగలేదు. చుట్టాలు ఒకరినొకరు చూసుకుంటూ విస్తళ్ల అంచులు సవరిస్తున్నారు.

రాజశేఖర్ సంగటి ముద్దకు గుంట చేసి, పులుసు పోయించుకున్నాడు. తుంచాడు, అద్దాడు, మింగాడు. మళ్లీ తుంచాడు. ఎముక తీసి రెండు కొసలూ జుర్రి, పక్కన పెట్టాడు. మూతికి అంటిన పులుసును ఎడమ చేతి వెనక వైపుతో తుడుచుకున్నాడు. ఆ చాపల మీద నమిలే చప్పుడు అతని ఒక్కడిదే.

సుమతి ముద్దల తట్ట పట్టుకుని అతని ముందు ఆగిపోయింది. మేనల్లుడి నోటి వైపే చూస్తోంది. చిన్నప్పుడు వాడికి తినిపించినప్పుడు కూడా అంత తేరిపార చూసి ఉండదు.

అతను తలెత్తి నవ్వాడు. "పొట్టేలు శానా లేతదత్తా. ఇంకొంచెం పులుసు పొయ్యి."

చందన గరిటె నింపి పోసింది.

సుమతి ముద్దల తట్ట కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. లోపలికి పోయి, పటాల ముందున్న ఇత్తడి తట్టను రెండు చేతులా ఎత్తుకుని, వెనక గదిలోకి పోయింది. లోపల గొళ్లెం పడిన చప్పుడు వసారా దాకా వినిపించింది.